రుతువిరతి: మౌనానికీ కత్తికీ మధ్య మార్గం

దివ్యఖుర్ఆన్‌లోని తలాఖ్ సూరా నాలుగవ ఆయతు ఇద్దత్ గడువును వివరిస్తూ ముట్లు ఆగిపోయిన స్త్రీలను ప్రస్తావిస్తుంది. విడాకులు పొందిన అటువంటి స్త్రీకి ఇద్దత్ మూడు నెలలని నిర్ణయిస్తుంది. స్త్రీ జీవితంలోని ఈ మలుపును ఏ సంకోచమూ లేకుండా, ఏ చిన్నచూపూ లేకుండా పేర్కొన్న గ్రంథం మన ఇళ్ళలో ఉంది. దాన్ని భక్తితో పారాయణం చేస్తున్నాం. అయినా అదే విషయాన్ని తల్లి కూతురితో, భార్య భర్తతో, రోగి వైద్యునితో చెప్పుకోవడానికి మాత్రం మన నోరు పెగలదు.

కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే దారిలో ఉన్న నందికొట్కూరునే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది నంద్యాల జిల్లాలో భాగమైంది. పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్ళే స్త్రీలు, ఇంటిపట్టున ఉండి కుట్టుపని చేసుకునే స్త్రీలు, చిన్న దుకాణం నడిపే స్త్రీలు ఈ పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కనిపిస్తారు. నలభై దాటిన తర్వాత వీరిలో చాలామందికి ఎదురయ్యే బాధలు దాదాపు ఒకటే. రాత్రి నిద్రలో ఒక్కసారిగా ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి చెమటలు పట్టడం, నిద్ర చెడటం, కారణం లేని చికాకు, గుండెదడ, కీళ్ళనొప్పులు, మూత్రంలో మంట, నెలసరి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని అయోమయం. ఈ బాధలకు మన సమాజంలో రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, వయసైపోతోంది, ఇంతే కదా అని నోరు మూసుకుని భరించడం. రెండవది, భరించలేని రోజున కర్నూలుకో నంద్యాలకో వెళ్ళి గర్భసంచి తీయించుకోవడం. ఈ రెండింటికీ మధ్య ఒక విశాలమైన మార్గం ఉంది. ఆ మార్గం కుటుంబ వైద్యుని ముంగిట మొదలవుతుంది.

రోగమా, జీవిత దశా?

నెలసరి పూర్తిగా ఆగి పన్నెండు నెలలు గడిస్తే దాన్ని వైద్యులు రుతువిరతి, అంటే మెనోపాజ్ అంటారు. అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తయారుచేయడం క్రమంగా తగ్గించడమే దీనికి కారణం. ఆగిపోవడానికి ముందు కొన్ని సంవత్సరాల పాటు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బాధలు ఎక్కువగా కనిపించేది ఆ కాలంలోనే. పాశ్చాత్య దేశాల స్త్రీలలో ఇది సగటున 51 ఏళ్ళ ప్రాంతంలో వస్తే, మన దేశంలో సుమారు 46, 47 ఏళ్ళకే వస్తోంది. 45 ఏళ్ళకు ముందే వస్తే దాన్ని త్వరిత విరతిగానూ, 40 ఏళ్ళకు ముందే వస్తే అకాల విరతిగానూ పరిగణించి వైద్యులు ప్రత్యేక శ్రద్ధ చూపుతారు.

ఇది రోగమా, సహజ దశా అన్న ప్రశ్నపై వైద్యలోకం చాలాకాలం ఊగిసలాడింది. మన ధర్మంలో మాత్రం ఈ ప్రశ్నకు ఒక చక్కని కొలమానం ఉంది. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో కనిపిస్తుంది. వైద్యం చేయించుకోవచ్చునా అని పల్లెవాసులు అడిగినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) చేయించుకోమన్నారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు కల్పించాడనీ, వృద్ధాప్యానికి మాత్రం మందు లేదనీ తెలియజేశారు. దీని నుంచి మనం గ్రహించవలసిన అంశాలు రెండు. వయసు పైబడటాన్ని ఆపాలని, యౌవనాన్ని సీసాలో నింపి కొనుక్కోవాలని ప్రయత్నించడం వృథా. అయితే ఆ వయసులో కలిగే బాధకు ఉపశమనం వెతుక్కోవడం ప్రవక్త అనుమతించిన, ప్రోత్సహించిన పని. ముట్లు ఆగడం దశ. నిద్రలేని రాత్రులు, ఎముకల బలహీనత, అదుపులేని రక్తస్రావం మాత్రం చికిత్సకు యోగ్యమైన బాధలు.

అడగడానికి సిగ్గు అడ్డు రాకూడదన్నది కూడా మనకు సహాబియాత్‌లు నేర్పిన పాఠమే. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు ఆగకుండా రక్తస్రావం అవుతోందని, నమాజు మానాలా అని దైవప్రవక్త (స)నే స్వయంగా అడిగారు. అది నెలసరి కాదు, ఒక నరం నుంచి వచ్చే రక్తమని ఆయన వివరించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో నమోదైంది. ధర్మజ్ఞానం సంపాదించుకునే విషయంలో అన్సార్ స్త్రీలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. హయా విశ్వాసంలో భాగమే. అది అసభ్యత నుంచి కాపాడే గుణం. ఆరోగ్యాన్ని బలితీసుకునే మౌనానికి ఆ పేరు పెట్టడం తగదు.

మన రాష్ట్రాన్ని వేధిస్తున్న ఆపరేషన్

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ పరిస్థితి దేశంలోని ఇతర రాష్ట్రాలకన్నా భిన్నమైనది. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. మన రాష్ట్రంలో అది 8.9 శాతం. దేశంలోకెల్లా ఇదే అత్యధికం. పొరుగున ఉన్న తెలంగాణ 7.7 శాతంతో తర్వాతి స్థానంలో నిలిచింది. 2019-21లో జరిగిన ఐదవ సర్వేలోనూ మన రాష్ట్రపు సంఖ్య 8.7 దగ్గరే ఉంది. ఈ ఆపరేషన్ చేయించుకున్న వారి మధ్యస్థ వయసు 34 సంవత్సరాలని నాలుగవ సర్వే తెలిపింది. అంటే ఆపరేషన్ అయిన వారిలో సగం మంది ఆ వయసుకు ముందే గర్భసంచిని కోల్పోయారు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. ఎక్కువమంది చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం లేదా నొప్పి.

క్యాన్సర్, తగ్గని భారీ కణితులు, ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం వంటి పరిస్థితుల్లో ఈ ఆపరేషన్ ప్రాణదాయకం. దాన్ని ఎవరూ కాదనరు. అయితే పిల్లలు పుట్టడం అయిపోయింది కదా, ఇక సంచితో పనేముంది అన్న ఆలోచనతోనో, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్న భయంతోనో చేయించుకునే ఆపరేషన్ వేరు. ఇటువంటి అనవసర ఆపరేషన్లపై 2013లో సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం దాఖలైంది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన సంఘటనలు దానికి ఆధారం. 2023 ఏప్రిల్ 5న తీర్పు వెలువరిస్తూ, అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలోగా అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఈ ఆపరేషన్‌కూ రుతువిరతికీ ఉన్న సంబంధాన్ని చాలామంది సోదరీమణులకు ఎవరూ విడమరచి చెప్పరు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసివేస్తే ఆ రోజు నుంచే విరతి మొదలవుతుంది. సంవత్సరాల తరబడి నెమ్మదిగా జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరుగుతుంది గనుక బాధలు తీవ్రంగా ఉంటాయి. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి సహజ వయసుకన్నా ముందే పనిచేయడం మానేస్తాయి. గర్భసంచి లేదు గనుక నెలసరి రాదు. నెలసరి లేదు గనుక విరతి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ముప్పై నాలుగేళ్ళకు ఆపరేషన్ అయిన స్త్రీ ముప్పై ఎనిమిదేళ్ళకు నిద్ర పట్టడం లేదనో, ఒళ్ళు ఆవిర్లు కమ్ముతోందనో చెబితే అది ఈ కారణంగానే కావచ్చు. ఆమెకు నొప్పి మాత్రలు ఇచ్చి పంపడం సరిపోదు. 45 ఏళ్ళకు ముందే విరతి వచ్చిన వారికి ఎముకలు గుల్లబారే ముప్పూ గుండెజబ్బు ముప్పూ పెరుగుతాయి. అందుకే, వేరే అభ్యంతరం లేకపోతే, సహజ విరతి వయసు వచ్చేవరకు వారికి హార్మోన్ చికిత్స ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అమానతును అవసరం మేరకు వైద్యుని చేతికి అప్పగించడంలో దోషం లేదు. దానిలోని ఒక అవయవాన్ని తీసివేసే ముందు కారణం అడిగి తెలుసుకోవడం మాత్రం మన బాధ్యత.

హార్మోన్ చికిత్స అంటే భయమెందుకు?

హార్మోన్ మాత్ర పేరు చెప్పగానే క్యాన్సర్ అని ఉలిక్కిపడేవారు రోగులలోనే కాదు, వైద్యులలోనూ ఉన్నారు. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది.

1966లో న్యూయార్క్ స్త్రీవైద్య నిపుణుడు రాబర్ట్ విల్సన్ ఒక పుస్తకం రాశాడు. రుతువిరతిని హార్మోన్ లోపం వల్ల కలిగే వ్యాధిగా చిత్రించి, ఈస్ట్రోజెన్‌తో స్త్రీ ఎప్పటికీ యౌవనవతిగా ఉండవచ్చునని ప్రచారం చేశాడు. లక్షలాది మంది ఆ మాత్రలు వాడారు. 1975లో, గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని పరిశోధనలు వెల్లడించాయి. అప్పటి నుంచి గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టరాన్ కూడా కలిపి ఇవ్వడం నియమమైంది.

2002 జులైలో రెండవ దెబ్బ తగిలింది. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరీక్షలో, రెండు హార్మోన్లూ కలిపి వాడే విభాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఆ హార్మోన్లు వాడినవారిలో ఏటా ప్రతి 10,000 మందికి రొమ్ము క్యాన్సర్లు 8 అధికంగా కనిపించాయి. పక్షవాతం, గుండెపోటు, రక్తం గడ్డకట్టడం కూడా కొంత పెరిగాయి. తుంటి ఎముక విరగడం, పెద్దపేగు క్యాన్సర్ తగ్గాయి. పత్రికలు మొదటి సగాన్నే పెద్ద అక్షరాలతో ప్రకటించాయి. ప్రపంచవ్యాప్తంగా వైద్యులు ఆ మాత్రలు రాయడం ఒక్కసారిగా తగ్గించేశారు.

తర్వాత ఆ గణాంకాలను నిదానంగా పరిశీలించినప్పుడు కొన్ని సంగతులు బయటపడ్డాయి. పరీక్షలో పాల్గొన్నవారి సగటు వయసు 63. విరతి బాధలతో వైద్యుని దగ్గరకు వచ్చే స్త్రీ వయసు సాధారణంగా అంతకన్నా పది, పదిహేనేళ్ళు తక్కువ. 60 ఏళ్ళ లోపు, లేదా విరతి వచ్చిన పదేళ్ళ లోపు ప్రారంభించే ఆరోగ్యవంతులకు లాభం నష్టాన్ని మించుతుందని నేడు ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. అలా ఒక్క హార్మోన్ వాడిన విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. మాత్ర మింగడం కన్నా చర్మానికి రాసే జెల్, అంటించే పట్టీ రక్తం గడ్డకట్టే ముప్పు విషయంలో సురక్షితమని కూడా తేలింది. అలాగని ఇది అందరికీ పనికివచ్చే మందు కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం, గుండెపోటు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు సాధారణంగా దీన్ని వాడకూడదు. వారికి ఆవిర్లను తగ్గించే హార్మోన్లు లేని మందులు ఉన్నాయి.

యౌవనం కోసం అందరూ వాడాలన్న 1966 నాటి ఉత్సాహమూ, ఎవరూ వాడకూడదన్న 2002 నాటి భయమూ రెండూ అతివాదాలే. మితవాద సముదాయంగా ఉండమన్న ఖుర్ఆన్ బోధ ఔషధాల విషయంలోనూ మనకు వెలుగు చూపుతుంది.

మొదటి తలుపు కుటుంబ వైద్యుడు

రుతువిరతిని గుర్తించడానికి పెద్ద ఆసుపత్రి అవసరం లేదు. 45 దాటిన స్త్రీకి ఈ లక్షణాలుంటే రక్తంలో హార్మోన్ పరీక్షలు చేయకుండానే నిర్ధారించవచ్చునని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఓపికగా వినే వైద్యుడుంటే చాలు. ఆమె బీపీ, షుగర్, థైరాయిడ్ చరిత్ర, కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అన్న వివరాలు తెలిసిన కుటుంబ వైద్యునికి ఈ విషయంలో ఉన్న సౌలభ్యం ఒక్కసారి చూసి పంపే నిపుణునికి ఉండదు. రక్తహీనత సంగతి కూడా ఆయనే ముందుగా గమనించగలడు. ఐదవ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది.

మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ప్రారంభమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు వైద్యులలో ఒకరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు గ్రామానికే రావాలన్నది దాని రూపకల్పన. బీపీ, షుగర్ చూపించుకోవడానికి వైద్యుని ముందుకు వెళ్ళిన సోదరి ఈ బాధలను కూడా ఆయన చెవిన వేయవచ్చు. నోటితో చెప్పడం కష్టమనిపిస్తే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో ముందుగా చెప్పవచ్చు. కాగితం మీద రాసి ఇచ్చినా సరే. స్త్రీ వైద్యురాలు ఉంటే ఆమెనే ఆశ్రయించడం ఉత్తమం. లేనప్పుడు అవసరమైనంత మేరకు పురుష వైద్యునికి చూపించుకోవడానికి షరీఅత్ అనుమతిస్తుంది. భర్తో, మహ్రమో, మరొక స్త్రీయో తోడుగా ఉంటే ఏకాంతం ప్రసక్తి ఉండదు.

గర్భసంచి తీయాలని ఎవరైనా సలహా ఇస్తే సంతకం చేసే ముందు ఈ ప్రశ్నలు అడగండి:

1. నాకున్న జబ్బు పేరేమిటి? స్కానింగ్‌లో, లోపలి పొర పరీక్షలో ఏం తేలింది?
2. రక్తస్రావాన్ని తగ్గించే మాత్రలు, హార్మోన్ విడుదల చేసే లూప్ వంటివి ముందుగా ప్రయత్నించవచ్చునా?
3. ఆపరేషన్ ఇప్పుడే జరగాలా? కొన్ని నెలలు ఆగితే ప్రమాదమా?
4. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు?
5. ఆపరేషన్ తర్వాత నాకు హార్మోన్ చికిత్స అవసరమా?

వీలైతే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోండి. 1956లో ప్రారంభమైన కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి నందికొట్కూరుకు దూరమేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. నెలసరి ఆగి సంవత్సరం గడిచిన తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కయినా సరే, వెంటనే వైద్యునికి చూపించాలి. అలా వచ్చేవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి గర్భసంచి క్యాన్సర్ బయటపడుతోంది. తొలిదశలో గుర్తిస్తే దీన్ని చాలావరకు నయం చేయవచ్చు.

నమాజు, ఉపవాసం, ఔషధాల పవిత్రత

విరతికి ముందు నెలసరి తప్పే కాలంలో చాలామందికి కలిగే సందేహం ఆరాధనల గురించినదే. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్ కనీసం 3 రోజులు, గరిష్ఠంగా 10 రోజులు. పది రోజులు దాటి స్రావం కొనసాగితే ఆమెకు పూర్వం అలవాటైన రోజుల వరకే హైజ్. మిగిలినది ఇస్తిహాజా. ఇస్తిహాజాలో నమాజు, ఉపవాసం మానకూడదు. ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకోవాలి. ఏ రోజున మొదలైంది, ఏ రోజున ఆగింది అని క్యాలెండరుపై గుర్తు పెట్టుకుంటే అది ఆలిమ్‌కూ, వైద్యునికీ ఇద్దరికీ ఉపయోగపడుతుంది. పది రోజులు దాటే స్రావం ధార్మిక ప్రశ్న మాత్రమే కాదు, వైద్యునికి చూపించవలసిన లక్షణం కూడా. రమజాన్ నెలలో మాత్రలను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవడం సాధారణంగా సాధ్యమే. లోపల రాసుకునే క్రీములను రాత్రిపూట వాడుకుంటే సందేహానికి తావుండదు.

మందు దేనితో తయారైందని అడగడం కూడా సబబే. 1942లో అమెరికా విపణిలోకి వచ్చిన ప్రెమారిన్ అనే ఈస్ట్రోజెన్ మాత్రను చూడి గుర్రాల మూత్రం నుంచి తయారుచేస్తారు. మొక్కల నుంచి లభించే పదార్థాలతో తయారైన ఎస్ట్రాడియోల్ మాత్రలూ జెల్‌లూ నేడు దొరుకుతున్నాయి. పవిత్రమైన ప్రత్యామ్నాయం దొరికినప్పుడు దాన్నే ఎంచుకోవాలన్నది ఫుఖహాలు చెప్పే సాధారణ సూత్రం. ఆ మాట వైద్యునితో చెప్పండి. క్యాప్సూల్ జిలాటిన్ గురించి కూడా ఇలాగే అడగవచ్చు. అయితే సందేహంతో మందును మనంతట మనమే ఆపేయకూడదు.

ఆహారం విషయంలో మన సీమ వంటిల్లే మంచి ఔషధశాల. విరతి తర్వాత స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి సూచిస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం లభిస్తుంది. రాగి సంగటి, నువ్వులు, పాలు, పెరుగు, ఆకుకూరలు మన అందుబాటులో ఉన్నవే. పరదా పాటించే సోదరీమణులు ఇంటి పెరట్లోనో, మేడపైనో పరాయివారి చూపు పడని చోట చేతులకూ కాళ్ళకూ కాసేపు ఎండ తగలనిస్తే మంచిది. లోపం ఎక్కువగా ఉంటే విటమిన్-డి మందు వాడవలసి వస్తుంది. రోజూ నడక ఎముకలకూ నిద్రకూ మేలు చేస్తుంది.

ఇంటివారి బాధ్యత

ఈ దశలో స్త్రీకి మందుకన్నా ముందు కావలసింది ఇంటివారి అవగాహన. ఆమె చికాకును పొగరనీ, అలసటను బద్ధకమనీ ముద్రవేయడం అన్యాయం. భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయాలని నిసా సూరా 19వ ఆయతు పురుషులను ఆజ్ఞాపిస్తుంది. ఆ ఆజ్ఞ యౌవనానికే పరిమితం కాదు. దాంపత్యంలో నొప్పి కలుగుతోందని ఆమె చెబితే అది అయిష్టత కాదు, హార్మోన్ తగ్గడం వల్ల కలిగే పొడిబారడం. దానికి తేలికైన చికిత్స ఉంది. ఆమెను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళడం, ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ఆమె తరఫున ప్రశ్నలు అడగడం భర్త కర్తవ్యం. అమ్మకు నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసుకోవడం ఎదిగిన పిల్లల కర్తవ్యం.

వయసు మళ్ళిన స్త్రీకి ఇక విలువ లేదనుకునే వారు ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఖదీజా (రజి) జీవితాన్ని గుర్తు తెచ్చుకోవాలి. ప్రసిద్ధమైన కథనాల ప్రకారం హిరా గుహలో తొలి వహీ అవతరించేనాటికి ఆమె వయసు 55 సంవత్సరాలు. వణుకుతూ ఇంటికి వచ్చిన దైవప్రవక్త (స)కు దుప్పటి కప్పి, ధైర్యం చెప్పి, తొలుత విశ్వసించింది ఆమే. షిఅబె అబీ తాలిబ్ వెలివేత కష్టాలను ఆయన వెంట భరించింది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. ఆమె జీవించి ఉన్నంతకాలం దైవప్రవక్త (స) మరొకరిని వివాహమాడలేదు. ఆమె మరణించిన తర్వాత కూడా ఆమె స్నేహితురాళ్ళకు మాంసం కానుకగా పంపుతూ ఆమెను స్మరించుకునేవారు.

మన తల్లులకూ, సోదరీమణులకూ అల్లాహ్ ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయుష్షును, బాధను చెప్పుకునే ధైర్యాన్ని, ఆ మాట వినే మనసున్న కుటుంబాలను, నిజాయితీ గల వైద్యులను ప్రసాదించుగాక! ఆమీన్.